“సైజు చెప్పండమ్మా!”

అమ్మాయిలూ, ఈ నెల ముచ్చట ఆవకాయది కాదు, ఆడపడుచుది అంతకన్నా కాదు. టైర్లది! పేజీ తిప్పేయకండి. నిరుడు దసరా వరకూ టైరంటే నల్లగా గుండ్రంగా ఉంటుందన్నంత మటుకే నాకూ తెలుసు. దసరా మొదలు రథసప్తమి దాకా నాలుగు టైర్ల కోసం (ఆఖరికి ఐదయ్యాయి, ఆ కథ తరవాత) విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం ఏకం చేశాను. ఏ కొట్టు మెట్టెక్కినా ఒకటే మాట: “సైజు చెప్పండమ్మా.” గాజుల సైజూ, జాకెట్టు సైజూ, కుక్కరు గాస్కెట్టు సైజూ నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషిని, అక్కడ మాత్రం తెల్లమొహం వేశాను.

ఇంతకీ బండి ఏదంటారా? మా మావగారి స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ వాళ్ళు 1961 నుంచి తయారుచేసిన కారు. దాని పుట్టిల్లు ఇంగ్లండు, అక్కడి పేరు ట్రయంఫ్ హెరాల్డ్. రూపం దిద్దినాయన మికెలొట్టి అని ఇటలీ ఆయన. తరవాత్తరవాత మనవాళ్ళు నాలుగు తలుపులవి కూడా చేశారు గానీ మాది మొదటి రకం, రెండు తలుపులదే. బానెట్టు తెరిస్తే మూత ఒక్కటే లేవదు. మడ్‌గార్డులూ లైట్లతో సహా ముందు భాగమంతా ముందుకి వాలిపోతుంది. మేస్త్రి ముందు టైరు మీదే పీట మీద కూచున్నట్టు కూచుని ఇంజను చూసుకునేవాడు. ఇంకో గొప్ప, పాతిక అడుగుల వెడల్పు ఉంటే చాలు, ఒక్క తిప్పులో గిర్రున వెనక్కి తిరిగిపోతుంది.

మా మేనల్లుడు దీన్ని “స్పోర్ట్స్ కారు” అంటాడు. 948 సీసీ ఇంజనుతో ఏం స్పోర్ట్సురా అని మా ఆయన నవ్వుతారు. కానీ పిల్లాడి మాట మరీ గాలి మాటేమీ కాదు. ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టిగా చేసి 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు దించారు. 1965లో ఫ్రాన్సులో ల్మాన్ 24 గంటల పందెంలో దాని తరగతిలో అదే గెలిచింది. మావగారు ఉన్నన్నాళ్ళూ “దీని తమ్ముడు రేసులకెళ్ళాడు, ఇది సంసారంలో పడింది” అనేవారు. ఆ మాట అంటూ అత్తగారి వైపు ఓరగా చూసేవారు కూడా.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయి పక్కవాళ్ళ కొబ్బరిచెట్టుకి చుట్టుకున్నాయి గానీ కారుకి గీత పడలేదు. మావగారు పోయాక మాత్రం దాన్ని తీసినవాళ్ళు లేరు. దుప్పటి కప్పుకుని ఓ మూల కూచుంది. అమ్మేద్దామని మా ఆయన రెండుసార్లన్నారు, రెండుసార్లూ అత్తగారు వినబడనట్టు పూలు కట్టుకున్నారు. దసరా వెళ్ళిన మంగళవారం, పైడితల్లమ్మ సిరిమాను చూసి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, “ఈసారి రథసప్తమికి అరసవిల్లి ఆ కార్లో వెళ్దావమ్మా. పెళ్ళైన ఏడు మీ మావగారు తీసుకెళ్ళింది అందులోనే” అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఏదీ అడగక అడగక అడిగారు. ఇహ నా పని మొదలైంది.

మావగారి నాటి మేస్త్రినే పిలిపించాం. బ్యాటరీ మార్చాడు, పెట్రోలు ట్యాంకు కడిగాడు, రెండో రోజుకి ఇంజను దగ్గి దగ్గి లేచింది. నేను చప్పట్లు కొట్టబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. “బండి నడుస్తాదమ్మా. టైర్లే బతకవు.”

నాకర్థం కాలేదు. గుండు టైరయితే మార్చాలని తెలుసు. ఇవి గుండువి కావు, బటన్లన్నీ కొత్తవాటిలా నిక్కచ్చిగా ఉన్నాయి. మేస్త్రి టార్చి వేసి టైరు పక్క గోడ చూపించాడు. ఎండిన చెరువు అడుగులా సన్నటి పగుళ్ళు! రబ్బరు నడిస్తేనే అరుగుతుందనుకుంటాం గానీ నడవకపోయినా ముసలిదవుతుందట. ఎండా, గాలిలోని ఓజోనూ దాన్ని పెళుసు చేసేస్తాయి. పైగా ఏళ్ళ తరబడి ఒకే చోట బరువు మోసి మోసి కిందివైపు అప్పడంలా చదునెక్కిపోయింది. “ఈటి మీద రోడ్డెక్కితే రణస్థలం దాకా కూడా ఎల్లరు తల్లీ” అన్నాడు. రీబటన్ వేయిస్తే సరిపోతుందేమోనని నా పొదుపు బుద్ధి అడిగింది. “పైన గుడ్డేసి కుడతాం సరే, లోపల చీరే సివికిపోతే?” అన్నాడు. ఆ పోలిక నా కోసమే వెతికి తెచ్చాడనుకుంటాను.

సైజు నేనే చదివాను. టైరు మీద సుద్దముక్క రాసి తుడిస్తే అక్షరాలు తేలాయి: 5.20-13. దానర్థం టైరు లావు 5.20 అంగుళాలు, లోపల రిమ్ము 13 అంగుళాలు. పాతకాలం నైలాన్ టైర్ల లెక్క అది. అంబాసిడర్‌ది 5.90-15, ప్రీమియర్ పద్మినిది 5.20-14. ఆ లెక్కలో సామాను కారు కొట్లలో ఇప్పుడు దాదాపు కనబడదు.

విజయనగరంలో మొదటి కొట్టు అబ్బాయి సైజు విని, “సారుని పంపండమ్మా” అన్నాడు. సారుకి సైజు తెలిస్తే కదా నేనొచ్చేది! శ్రీకాకుళంలో ఒకాయన మాత్రం సంబరంగా, “ఉందమ్మా! పాత స్టాకు, ఎవరూ కొనక అటక మీద ఉండిపోనాది” అని దింపించాడు. నేనూ సంబరపడి డబ్బు తియ్యబోయాను. చూస్తే 5.20-14. పద్మినిది. “అయిదూ ఇరవై రెండిటికీ ఒకటే కదేటి?” అంటాడు. ఐదు లీటర్ల గాస్కెట్టు తెచ్చి మూడు లీటర్ల కుక్కరుకి ఎక్కిస్తానంటే ఎక్కుతుందా? రిమ్ము అంగుళం తేడా ఉంటే టైరు ఎక్కనే ఎక్కదు, అందులో సర్దుబాటు లేదు.

మన అచ్యుతాపురంలో 2022లో యొకొహామా వాళ్ళు టైర్ల ఫ్యాక్టరీ పెట్టారు కదా, ఇంత దగ్గర్లో ఉండగా మనకేం లోటు అనుకున్నాను. తీరా కనుక్కుంటే అవి పొలాల్లో, గనుల్లో తిరిగే బండ్ల టైర్లట. మా హెరాల్డు పక్కన అవి నిలబెడితే తల్లీపిల్లా. పోనీ ఇంగ్లండులో పాత కార్ల టైర్లు ఇప్పటికీ పోసేవాళ్ళున్నారు, తెప్పిద్దాం అన్నాడు మేనల్లుడు. 2020 జూన్ నుంచి బయటి దేశాల కారు టైర్ల మీద మన ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. లైసెన్సు లేందే తెప్పించుకోవడానికి లేదు. నాలుగు టైర్ల కోసం ఢిల్లీకి అర్జీ పెట్టుకునే ఓపిక నాకు లేదమ్మా.

అప్పుడు మావాడు అసలు కోరిక బయటపెట్టాడు. “అత్తా, పాత రిమ్ములు తీసేద్దాం. పదిహేను అంగుళాల అల్లాయ్ వీల్సు, ఇంతింత వెడల్పు టైర్లు. స్పోర్ట్స్ లుక్ వస్తుంది!” ఫోనులో బొమ్మ కూడా చూపించాడు. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగానే ఉంది. నేనూ ఒక పూట మెత్తబడ్డాను.

మేస్త్రి మెత్తబడలేదు. కారు వెనక భాగం జాకీ ఎత్తి చూపించాడు. ఎత్తగానే వెనక చక్రాలు రెండూ నిలువుగా ఉండకుండా, కింది అంచులు లోపలికి ముడుచుకుని, చలికి కాళ్ళు దగ్గరకి లాక్కున్న పిల్లాడిలా అయిపోయాయి. హెరాల్డు వెనక ఇరుసు తీరే అంత. దాన్ని స్వింగ్ యాక్సిల్ అంటారు. వేగంగా మలుపు తిరుగుతూ ఠక్కున కాలు తీస్తే ఒంటి బరువు ముందుకి పడి, వెనక చక్రం ఇలాగే లోపలికి ముడుచుకుని, తోక జారిపోతుంది. అలాంటి బండికి లావు టైర్లు వేసి ఎక్కువ పట్టు ఇచ్చామంటే, ముడుచుకునే గుణాన్ని ఇంకా ఎగదోసినట్టే. అమెరికాలో రాల్ఫ్ నేడర్ 1965లో కార్ల మీద ధ్వజమెత్తి రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే ఇలాంటి ఇరుసున్న షెవర్లే కోర్వెయిర్ గురించి. ఆ కారుకి ముందు చక్రాల్లో తక్కువ గాలి, వెనక చక్రాల్లో ఎక్కువ గాలి ఉంచడం మీదే జనం ప్రాణాలు నడిచేవట. మన మేస్త్రి ఆ పుస్తకం చదవలేదు. “ఈ బండికి యెనక గాలి కొంచెం ఎక్కువుండాల, తెలిసిందా బావూ?” అని మావాడికి చెప్పాడు, అంతే.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాడు. మీ ఇంట్లో ఏ బండి ఉన్నా ఇది పనికొస్తుంది, గుర్తుంచుకోండి. నైలాన్ టైర్లూ, రేడియల్ టైర్లూ కలిపి వేయకూడదు. రెండు కొత్తవి ముందు వేసి, పాతవి వెనక ఉంచుకుందాం అనే సర్దుబాటు మన ఇళ్ళలో మామూలే కదా. ముందు రేడియల్, వెనక నైలాన్ అయితే ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి, వెనకవి వదిలేస్తాయి. వానలో ఆ తేడా ఎక్కడికి ఈడ్చుకెళ్తుందో చెప్పలేం. మారిస్తే నాలుగూ మార్చాలి.

సరే, రేడియలే వేద్దామంటే ఏ సైజు? ఆ రాత్రి పాత క్యాలెండరు వెనక లెక్కలేశాను. రేడియల్ టైరు మీద మూడు అంకెలుంటాయి. 155/80 R13 అని ఉందనుకోండి, 155 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతు. 13 రిమ్ము అంగుళాలు. 155లో ఎనభై వంతు 124. పైనా కిందా కలిపి 248. పదమూడు అంగుళాల రిమ్ము 330. మొత్తం 578 మిల్లీమీటర్ల నిలువు. మా పాత టైరుని టేపు పెట్టి కొలిస్తే 58 సెంటీమీటర్లకి కాస్త ఇటూ అటూ. సరిగ్గా అతుక్కుందని ఎగిరి గంతేశాను. హ్యుందాయ్ ఐ10కి వేసేది ఇదే సైజు, ఎక్కడైనా దొరుకుతుంది.

తెల్లారి మేస్త్రి నా గంతు ఆపేశాడు. ఎత్తు ఒక్కటే చూశాను, రిమ్ము వెడల్పు చూడలేదు. హెరాల్డు రిమ్ము సన్నం, అంచుల మధ్య మూడున్నర అంగుళాలే. 155 టైరుకి తక్కువలో తక్కువ నాలుగు అంగుళాల రిమ్ము కావాలి. సన్నటి రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే, బిగుతు జాకెట్టులో చెయ్యి ఉబ్బినట్టు పక్కలు ఉబ్బి, మలుపుల్లో అటూ ఇటూ ఊగుతుంది. 145/80 R13 అయితే మూడున్నరలో కూచుంటుంది. దాని నిలువు 562. పాతదానికంటే వేలెడు కూడా లోపు లేదు. స్పీడోమీటరు కొంచెం గొప్పలు పోతుంది, అరవై చూపించినప్పుడు అసలు యాభై ఎనిమిదే ఉంటుంది. పోనీండి, అత్తగారిని ఎక్కించుకుని వెళ్ళే బండి తక్కువ వెళ్తూ ఎక్కువ చెప్పుకుంటే నష్టమేంటి?

145/80 R13 ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని సాయంత్రం ముగ్గు వేసిన వాకిట్లో నిలబడ్డాను. ఎదురింటి వాళ్ళ పాత వ్యాగనార్ కళ్ళ ముందే ఉంది. ఊరికే, అలవాటు కొద్దీ (నాకు అప్పటికి రోడ్డు మీద ఏ టైరు కనబడినా వంగి చదివే జబ్బు పట్టేసింది) వంగి చూశాను. 145/80 R13 75S. మూడు నెలలు మూడు ఊళ్ళు తిరిగాను. సమాధానం మా గేటుకి ఎదురుగా, రోజూ నేను నీళ్ళు చల్లేటప్పుడు తడిసే చక్రం మీద ఉంది! ఎదురింటావిడ తలుపు తీసి, “ఏం పోయిందండీ?” అంది. కారు కింద దూరబోతున్నట్టే ఉన్నాను కదా మరి.

ఆ చివరి 75S ఏంటంటే, 75 అంటే ఒక్కో టైరు 387 కిలోల బరువు మొయ్యగలదని. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని. మా హెరాల్డుకి ఆ వేగం కలలో కూడా రాదు.

ఇహ కొనడమే కదా అనుకున్నాను, అక్కడా ఒక ముల్లుంది. విశాఖపట్నంలో ఒక కొట్టులో ధర బాగా తగ్గించి, “కొత్త స్టాకేనమ్మా” అని నిగనిగలాడే టైర్లు చూపించారు. మేస్త్రి చెప్పినట్టు పక్కన డాట్ అనే అక్షరాల చివర, కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉండే నాలుగంకెలు వెతికాను. 2218. అంటే 2018లో 22వ వారం పుట్టిన టైరు! పైన నల్లరంగు పూసి మెరిపించారు. నేనేమీ పోట్లాడలేదు. ఆ అంకెల మీద వేలు పెట్టి, “దీని బారసాలై ఆరేళ్ళ పైమాటే” అన్నాను. కుర్రాడు ఒక్క క్షణం నా మొహం చూసి, టైరు మళ్ళీ అటకెక్కించేశాడు. విజయనగరంలోనే, మొదట సారుని పంపమన్న కొట్టులోనే, మూడు నెలల కిందటి తయారీవి దొరికాయి. ఒక్కోటి నాలుగువేల లోపే. ఈసారి ఆ అబ్బాయి సైజు అడగలేదు, నేనే చెప్పాను.

ఐదు కొన్నాను. ఎందుకంటే డిక్కీలో ఉన్న స్టెప్నీ పాత నైలానుదే. దారిలో అదే బిగిస్తే మళ్ళీ కలగాపులగమే కదా. (స్టెప్నీ అన్న మాట మన ఇంటి మాట అయిపోయింది గానీ, అది వేల్స్ దేశంలో లానెల్లీ అనే ఊళ్ళో ఒక వీధి పేరు. వందేళ్ళ కిందట అక్కడి దుకాణం వాళ్ళు అదనపు చక్రం అమ్మడం మొదలెట్టారు. వాళ్ళ ఊళ్ళో ఆ పేరు ఎంతమందికి గుర్తుందో గానీ మన పంక్చరు కొట్లలో మాత్రం పదిలంగా ఉంది.)

ఇంకా ఉంది. ఇప్పటి టైర్లన్నీ ట్యూబ్‌లెస్. బిగించే కుర్రాడు అలాగే ఎక్కించబోయాడు. కొత్త రిమ్ముల్లో టైరు అంచు లోపలికి జారకుండా చిన్న గట్టు ఉంటుంది. పాత రిమ్ములకి ఆ గట్టు లేదు, పైగా మా రిమ్ములకి రివిట్ల దగ్గర తుప్పు. ట్యూబు వేయకపోతే గాలి ఎప్పుడు పోతుందో తెలీదు. రేడియల్‌కి పనికొచ్చే ట్యూబులు విడిగా కొని, రిమ్ములు గీకించి రంగు వేయించి, అప్పుడు బిగించారు. బ్యాలెన్సింగు కూడా అయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా చేతులూ చీరకొంగూ మసిబొగ్గులే.

పాత టైర్లు ఐదూ పెరట్లో పడ్డాయి. భోగి దగ్గరపడింది. మావాడూ వీధి గుంటలూ కలిసి వాటిని మంటలో వేద్దామని పథకం వేశారు. నేను ఊరుకోలేదు. టైరు కాలితే వచ్చే ఆ నల్లపొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. భోగిమంటకి పిడకలూ, పాత చెక్కలూ చాలవా? అలాగని పెరట్లో ఉంచుకోవడమూ మంచిది కాదు, ఒక్క వానకి టైరు లోపల నీళ్ళు నిలిస్తే డెంగీ దోమకి పుట్టిల్లయిపోతుంది. రెండు పాత ఇనుము కొట్టుకి పోయాయి. రెండింటికి ఊళ్ళో మా తమ్ముడు కన్నాలు పొడిచి, ఉయ్యాలలు కట్టాడు. ఒకటి మాత్రం అత్తగారు ఇవ్వలేదు. ఎందుకని అడగలేదు. ఇప్పుడది బోర్లించి తులసికోట పక్కన ఉంది, దాని మీద పూలకుండీ.

రథసప్తమి రోజు ఆ జనంలో కారెందుకని మర్నాడు బయల్దేరాం. మా ఆయన స్టీరింగు దగ్గర, పక్కన అత్తగారు, వెనక నేనూ మేనల్లుడూ ముడుచుకుని. నాతవలస దగ్గర హైవే ఎక్కాక లారీలన్నీ హారన్లు కొట్టి మరీ దాటిపోయాయి. ఒక్కరూ విసుక్కోలేదు, చెయ్యి ఊపిన వాళ్ళే. రణస్థలం దాటాక ఒక టీకొట్టు దగ్గర ఆపి, నేను దిగి నాలుగు టైర్ల మీదా చెయ్యి వేసి చూశాను, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. గోరువెచ్చగా, నాలుగూ ఒకేలా ఉన్నాయి.

అరసవిల్లిలో దర్శనం అయ్యాక తిరుగుదోవలో దారి తప్పి ఒక సన్నటి సందులోకి వెళ్ళిపోయాం. మా ముందు ఒక పెద్ద బండి వెనక్కి తిరగలేక ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడి, గోడ గీసుకుని, మొత్తానికి బయటపడింది. మా ఆయన స్టీరింగు చివరంటా ఒక్క తిప్పు తిప్పారు. హెరాల్డు కొత్త టైర్ల మీద చప్పుడు లేకుండా, తిరగలి తిరిగినట్టు తిరిగి వచ్చిన వైపు మొహం పెట్టింది. అత్తగారు చేతిలో ప్రసాదం పొట్లం గట్టిగా పట్టుకుని, “ఆయనా ఇక్కడే తిప్పేవారు” అన్నారు.